ట్యూబులైటు కింద రెండు కాగితాలు

శాంపిలు సీసాలు కడుగుతున్నాను. రొయ్యల చెరువు నీళ్ళు ఒక్క రాత్రి నిలవుంటే చాలు, సీసా అడుగున పచ్చటి జిగురు పడుతుంది. పొడుగాటి బ్రష్షు లోపలికి దూర్చి తిప్పి, కొళాయి నీళ్ళతో కడిగి, చివర డిస్టిల్డ్ వాటరుతో తొలిచి బోర్లించాలి. సబ్బు వాడకూడదు. నురగ ఏమాత్రం మిగిలినా పరీక్ష తప్పు చూపిస్తుంది. ఈ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే ఇది, మా బావగారికి తప్ప. ఆయన మొన్నామధ్య సాయం చేస్తానని కొన్ని సీసాలు సర్ఫుతో తోమి, ఎలా మెరుస్తున్నాయో చూడమని మా అక్కకు చూపించారు. అక్క నవ్వి ఊరుకుంది. ఆ సీసాలన్నీ తర్వాత నేను మళ్ళీ కడిగాను.

మెరిసేదంటే ఆయనకు ఇష్టం. లోపలి గదిలో కూర్చుని ఫోనులో ఎవరితోనో చెబుతున్న మాటలు కొళాయి శబ్దంలో కూడా వినిపిస్తున్నాయి.

"కాదు బాసూ, నువ్వు నమ్మవు. మా మరదలు గ్రాఫులకు ఇంకా జీడీఐలో గీతలు గీస్తోంది. మనం పుట్టకముందు విండోసుతో వచ్చిన సరుకది. మ్యూజియంలో పెట్టాలి. నేనొచ్చి మొత్తం మార్చేశాను."

అవును, మార్చేశారు. అందుకే ఇవాళ ఉదయం నుంచి అక్క అన్నం ముట్టలేదు.

అక్క పేరు విజయదుర్గ. ఆక్వాకల్చరులో డిగ్రీ చేసి, ముమ్మిడివరం దాటాక సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, ముందుగదిలో నీళ్ళ పరీక్షల ల్యాబు పెట్టింది. నేను అమలాపురంలో బీఎస్సీ కంప్యూటర్స్ అయ్యాక ఆమెకు తోడుగా వచ్చాను. బావగారు అనిల్ కుమార్‌కు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. కంపెనీవాళ్ళు కొన్నాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమంటే ఈ వేసవిలో ఇక్కడికి వచ్చారు. వచ్చిన కొత్తలో కొబ్బరిబోండాలు తాగి ఫొటోలు తీసుకున్నారు. వాటి మీద విసుగు పుట్టాక ల్యాబు మీద పడ్డారు.

మా ల్యాబు నిలబడిందంటే తాతారావు గారి వల్ల. కాలవ గట్టు పొడుగునా ఆయన చెరువులే ఎక్కువ. ఆయన ఏ మందు చల్లితే చుట్టుపక్కల చెరువులవాళ్ళు ఆ మందే చల్లుతారు, ఆయన ఏ ల్యాబుకు వెళ్తే అందరూ ఆ ల్యాబుకే వెళ్తారు. ఈమధ్య ఒక మేత కంపెనీవాళ్ళు బస్టాండు దగ్గర అద్దాల తలుపులు, ఏసీలతో ల్యాబు తెరిచి, పరీక్షలు ఉచితమన్నారు. చిన్నవాళ్ళు కొందరు అటు వెళ్ళి చూసి వచ్చారు. తాతారావు గారు వెళ్ళలేదు. ఆయన వెళ్ళనంత కాలం మా గది తలుపులు తెరిచి ఉంటాయి. వెళ్ళిన రోజున అక్క ఈ సీసాలన్నీ అట్టపెట్టెల్లో సర్దుకోవలసిందే. ఈ సంగతి అక్కకు తెలుసు, నాకు తెలుసు. బావగారికి చెప్పాం, తలకెక్కలేదు.

తాతారావు గారు గొప్ప జ్ఞాని అని నేను అనను. పదో తరగతి దాకా చదివారు. కిలో రొయ్య రేటు సెల్‌ఫోనులో ఎంత చిన్న అక్షరాల్లో వచ్చినా కళ్ళద్దాలు లేకుండా చదువుతారు. నీళ్ళ రిపోర్టులో అంకెలు మాత్రం చదవరు. "అయ్యన్నీ నాకెందుకండీ" అంటారు. తనకు తెలిసిన పద్ధతి ఒకటే. చెరువులో వేలాడదీసిన మీటరు రోజూ తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో తనలో దాచుకుంటుంది. వారానికోసారి ఆ లెక్కను పెన్‌డ్రైవులో తెస్తారు. మేం దాన్ని గ్రాఫుగా కాగితం మీద తీసి ఇస్తాం. ఆయన జేబులోంచి పోయినవారం కాగితం తీసి, దాని మీద ఈ వారం కాగితం పెట్టి, రెండింటినీ కలిపి ట్యూబులైటుకు పట్టి చూస్తారు. కొత్త గీత పాత గీతకు పైన ఉంటే నీళ్ళు బాగున్నట్టు. కింద ఉంటే నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఇంకాసేపు తిప్పాలి. అంతే. గట్టు మీదవాళ్ళందరూ అలాగే చూడడం నేర్చుకున్నారు. కొందరు చెరువు దగ్గర షెడ్డులో బల్బుకు పట్టి చూస్తారు, కొందరు సూర్యుడికి పట్టి చూస్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. పక్కనే అంకెలుండగా ఈ చాదస్తం ఏమిటనిపించింది. కానీ కాగితం తీసుకెళ్ళేది వాళ్ళు. వాళ్ళు చూసే తీరుకు సరిపోయేలా గీత గీయడం నా పని.

ఆ గ్రాఫులు తీసే ప్రోగ్రాం రాసేటప్పుడు దేనితో గీయాలా అని చాలా రోజులు తిప్పలు పడ్డాను. అక్క కొన్న కంప్యూటరు, మూసేసిన నెట్‌సెంటరు నుంచి వచ్చినది. దానిలో గ్రాఫిక్స్ కార్డు లేదు. విండోసులో బొమ్మ గీసే దారులు చాలా ఉన్నాయి. గీతల అంచులు నునుపుగా వచ్చే జీడీఐ ప్లస్ పెట్టి చూశాను. తెర మీద అందంగానే ఉంది, మా ప్రింటరు దగ్గరికి వచ్చేసరికి ఆ నునుపంతా బూడిదరంగు మసక అయింది. ఆటల్లో వాడే ఓపెన్‌జీఎల్ పెట్టాను. ఆ కంప్యూటరులో సరిగా నడవలేదు. పైగా దానికి కాగితం అనేది ఒకటుందని తెలియదు. తెర మీది బొమ్మను ఫొటోలా పట్టుకుని ప్రింటరుకు ఇవ్వాలి. చివరికి అన్నింటికన్నా పాతదైన జీడీఐ దగ్గర ఆగాను. దానికి మిల్లీమీటర్లలో చెప్పవచ్చు. తెరకు ఏ మాటలు చెబుతామో ప్రింటరుకూ అవే మాటలు చెబితే, ప్రింటరు స్కేలు పెట్టి కొలిచినట్టు గీస్తుంది. లీటరు నీళ్ళలో ఒక మిల్లీగ్రాము ఆక్సిజనుకు ఒక సెంటీమీటరు. ఏ వారమైనా, ఏ చెరువైనా అంతే. తెల్ల కాగితం, నల్ల గీత. ఒకదాని మీద ఒకటి పెడితే అచ్చు గుద్దినట్టు కూర్చుంటాయి. తాతారావు గారు మొదటి కాగితాలు రెండూ లైటుకు పట్టి చూసి, "ఆయ్, ఇదండీ గ్రాఫంటే" అన్నారు. అంతకన్నా ఆయన నన్నెప్పుడూ పొగడలేదు, నేనూ ఎదురుచూడలేదు.

బావగారు ఆ గ్రాఫును మొదటిసారి చూసినప్పుడు ఆయన మొహం నాకు గుర్తే. పెళ్ళి భోజనంలో తోటకూర వడ్డించినట్టు చూశారు.

"ఇదేంటి మరదలా, పంచాంగంలో బొమ్మలా ఉంది?"

"ప్రింటు కోసమండి బావగారూ."

"ఈ రోజుల్లో ప్రింటు ఎవరు చూస్తారు?"

"తాతారావు గారు చూస్తారండి."

"యూజర్లను మనం ఎడ్యుకేట్ చేయాలి దుర్గాశ్రీ. వాళ్ళ స్థాయికి మనం దిగకూడదు."

దిగకూడదు అన్న మనిషి ఆ మాట అంటూ నా కుర్చీలో కూర్చుని, అరచేతిలో జీడిపప్పు పాకం ముక్క పట్టుకుని, నా కీబోర్డు మీద జిగురు అంటించారు.

తర్వాత ఆయన తన లాప్‌టాప్ మీద సొంత ప్రోగ్రాం మొదలుపెట్టారు. ఆటలాడేవాళ్ళు కొనే లాప్‌టాప్ అది, కీల కింద రంగురంగుల లైట్లు వెలుగుతాయి. గ్రాఫు వెనక అంతా నలుపు. దాని మీద నీలంరంగు గీత ఎడమ నుంచి కుడికి పాకుతూ వెలుగుతుంది. గీత కింద లేత నీలం పొగలా దిగుతుంది. అక్కను పిలిచి చూపించారు, ఎదురింటి సావిత్రి గారిని పిలిచి చూపించారు. సావిత్రి గారు "సినిమా టైటిల్స్‌లా ఉందండీ" అన్నారు. దాన్ని ఆయన మెచ్చుకోలుగా తీసుకున్నారు.

నేను ఒకే ఒక మాట అడిగాను. "నిలువు స్కేలు ఎలా పెట్టేరండి?"

"ఆటోమేటిక్. డేటాలో తక్కువ ఎంతుందో అడుగున, ఎక్కువ ఎంతుందో పైన. తెరంతా నిండుగా వాడుకుంటుంది. నీ గ్రాఫులో సగం కాగితం ఖాళీ."

"అలాగైతే ఈ వారం కాగితానికీ పోయినవారం కాగితానికీ పొంతన ఉండదండి. వాళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తారు."

"పక్కన అంకెలుంటాయి కదా? చదువుకుంటారు."

"చదవరండి."

"చదవకపోతే అది వాళ్ళ ఖర్మ" అని మళ్ళీ తెర వైపు తిరిగారు.

ఆ రాత్రి అక్కతో చెప్పాను. అక్క చపాతీ పిండి కలుపుతూ, "ఆయనకీ ఏదో ఒక వ్యాపకం ఉండాలి కదే. లాప్‌టాప్‌లో ఉంచుకుంటారు, మనకేం పోయింది" అంది. అక్కకు నీళ్ళలో అమ్మోనియా వాసన దూరం నుంచే తెలుస్తుంది. ఇంట్లో మనిషి సంగతి మాత్రం తెలియదు.

శనివారం వచ్చింది. అక్క వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకుంది, ల్యాబు నిలబడాలని. నన్ను కూడా తీసుకెళ్ళింది. మేం గుళ్ళో జనంలో ప్రదక్షిణలు చేస్తున్న వేళకు తాతారావు గారు పెన్‌డ్రైవు పట్టుకుని ఇంటికి వచ్చారు. బావగారు ఆనందంగా ఎదురెళ్ళారు. తన లాప్‌టాప్ తెరిచి, గీత పాకడం చూపించి, ఆ తెరనే ప్రింటు తీసి చేతికిచ్చారు. నల్లటి కాగితం, మధ్యలో లేతగా గీత. తాతారావు గారు "అమ్మాయిగారు లేరాండీ" అని అడిగారట. "వాళ్ళు లేకపోయినా పరవాలేదండీ, ఇది వాళ్ళదానికన్నా ఎడ్వాన్సు" అన్నారట బావగారు. ఈ మాట ఆయనే మాకు రాత్రి భోజనాల దగ్గర సంబరంగా చెప్పారు. ఆ వారం ఆక్సిజన్ ఎంతుందని అక్క అడిగితే, "అన్నీ గ్రాఫులో ఉన్నాయిగా" అన్నారు. ఆయన ఆ అంకెలు చూడలేదు. చూసినా వాటిలో ఏది మంచిదో ఏది చెడ్డదో ఆయనకు తెలియదు. నీళ్ళ గురించి ఒక్క ముక్క తెలియని మనిషి నీళ్ళకు బొమ్మ గీసిచ్చారు. అక్క పెన్‌డ్రైవులో లెక్క చూద్దామనుకుంది. అది తాతారావు గారు తిరిగి పట్టుకెళ్ళిపోయారు, బావగారు లాప్‌టాప్‌లో కాపీ ఉంచలేదు. ఫోను చేస్తే, "గీత బాగా పైకెళ్ళిందండీ, బాగుందండీ" అన్నారు. అక్క ఊపిరి పీల్చుకుంది.

నిన్న తెల్లవారేసరికి ఆయన కాలవ పక్క చెరువులో రొయ్యలు తేలాయి. ఊపిరాడక నీటి పైకి వచ్చి అంచుల వెంట మూగాయి. ఎదగని రొయ్యను ఉన్నపళంగా వలేసి పట్టేశారు. సగం పనికొచ్చింది, సగం గట్టు మీద పోసి పూడ్చారు. ఈ కబురు ఉదయం పాలాయన చెప్పాడు. మధ్యాహ్నం వస్తానని తాతారావు గారు అక్కకు ఫోను చేశారు.

ఆఖరి సీసా బోర్లించేసరికి బయట బుల్లెట్ ఆగింది.

తాతారావు గారు వస్తే వీధి మొదట్లోనే తెలుస్తుంది. ఆయన రాక ఎంత చప్పుడో పోక అంతకన్నా చప్పుడు. కుర్చీలోంచి లేచి "వస్తానండీ" అంటారు, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ మళ్ళీ అంటారు, బండి స్టార్టు చేసి గేటు దగ్గర తలతిప్పి ఇంకోసారి అంటారు. వెళ్తానని ఆయన నోట ఎప్పుడూ రాదు. ఆ మూడో "వస్తానండీ" వినిపించాకే అక్క లోపలికి వస్తుంది.

ఇవాళ ఆయన చొక్కా బురదతో ఉంది. అక్క కుర్చీ జరిపి, మంచినీళ్ళు ఇచ్చింది. నీళ్ళు తాగారు. జేబులోంచి పెన్‌డ్రైవు తీసి బల్ల మీద పెట్టి, రెండు కాగితాలు తీశారు. ఒకటి నేను తీసిన పాతది, ఒకటి నల్లది.

"అమ్మా, నేను సూసింది తప్పేమో సెప్పండి" అని లేచి, రెండూ కలిపి ట్యూబులైటుకు పట్టారు. నల్ల కాగితంలోంచి వెలుగు సరిగా రావడం లేదు. బాగా దగ్గరగా పెట్టి చూస్తే గీత తెలుస్తోంది. వారం చివర అది కాగితం పైఅంచు దాకా వెళ్ళింది. పాత గీత దానికి కింద, కాగితం మధ్యలో పడుకుని ఉంది.

"కొత్తది పైనుందాండీ?"

"ఉందండి" అంది అక్క.

"పైనుంటే నీళ్ళు బాగున్నట్టు కదాండీ? అందుకే రాత్రిపూట ఏరేటర్లు ఆపించేసేనండి."

లోపలి గది తలుపు తెరుచుకుంది. బావగారు ఫోను చేతిలో పట్టుకుని వచ్చారు.

"ఏంటండీ తాతారావు గారూ, ఏమైంది?"

"రొయ్య తేలిపోయిందండి."

"అయ్యో." కాగితాలు చూశారు. "ఇలా లైటుకు పెట్టి చూస్తున్నారేంటండీ? గ్రాఫు చూసే పద్ధతి ఇది కాదు. ఇదిగో ఇక్కడ చూడండి, పక్కన రాసుంది. పైన మూడున్నర, కింద మూడు. అంటే మీ ఆక్సిజన్ మూడున్నర దాటలేదు. క్లియరుగా ఉంది కదా?"

"మూడున్నరా?" అంది అక్క. అంకె వినడం ఆమెకు ఇదే మొదటిసారి. నాలుగుకు తగ్గితే రొయ్యకు ముప్పు. "ఏవండీ, మూడున్నర అని శనివారమే మీరు చూసేరా?"

"నేనెందుకు చూస్తాను? చూసుకోవలసింది కస్టమరు. గ్రాఫు ఎడ్వాన్సుది, చూసే మనిషి కూడా కొంచెం ఎడ్వాన్సు అవ్వాలి."

తాతారావు గారు ఆయన వైపు చూశారు. కోపంగా చూడలేదు. కొత్తగా వచ్చిన మేత బస్తా మీద పేరు చదువుతున్నట్టు చూశారు.

"నేను ఇలాగే సూస్తానని ఈ ఇంట్లో అందరికీ తెలుసు బాబూ" అన్నారు.

అక్క నా వైపు తిరిగింది. "దుర్గాశ్రీ, ఆ పెన్‌డ్రైవు తీసుకో. మన పాతదాన్లో తియ్యవే."

బావగారు ముందుగది కంప్యూటరు తెర మీంచి నా ప్రోగ్రాం గుర్తును ముందే తీసేశారు. ఫోల్డరులోకి వెళ్ళి వెతికి తెరిచాను. ఆ కంప్యూటరులో ప్రోగ్రాం లేవడానికి ఎంతసేపు పడుతుందో తెలిసినవాళ్ళం కాబట్టి మేం ముగ్గురం ఓపిక పట్టాం. బావగారు మాత్రం ఉండలేకపోయారు.

"అదే డేటా, అదే గీత. ఏ లైబ్రరీతో గీసినా ఒకటే. లోపల జీడీఐ ఉందా, ఓపెన్‌జీఎల్ ఉందా అన్నది రొయ్యకు తెలుస్తుందా?" అని తన మాటకు తానే నవ్వారు.

ప్రింటరు గరగరమంటూ కాగితం బయటికి తోసింది. నేను తీసి అక్కకు ఇచ్చాను, అక్క తాతారావు గారికి ఇచ్చింది. ఆయన నల్లదాన్ని పక్కన పెట్టి, పాత కాగితం మీద దీన్ని పరిచి, అంచులు రెండూ గోళ్ళతో సరిచేసి, మళ్ళీ ట్యూబులైటుకు పట్టారు.

రెండు గ్రాఫుల చట్రాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. పోయినవారం గీత మధ్యలో ఉంది. ఈ వారం గీత దానికి బాగా కింద, నేల మీద పాకుతున్నట్టు ఉంది. ఏ చదువూ అక్కర్లేదు. బుల్లెట్ చప్పుడుకు వచ్చి గుమ్మం దగ్గర నిలబడిన సావిత్రి గారికి కూడా కనిపించింది. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు.

తాతారావు గారు చాలాసేపు అలాగే పట్టుకుని ఉన్నారు. ఆయన వేలి సందుల్లో ఎండిన బురద ఉంది. శనివారం ఈ కాగితమే చేతికి వచ్చి ఉంటే ఏరేటర్లు ఆగేవి కావు. ఆ గదిలో ఉన్న ఎవరికీ అది విడమరచి చెప్పనక్కర్లేదు.

అక్క ఏదో ఒకటి చెప్పాలనుకుంది. "అన్నయ్యగారూ, ఇకనుంచి నేనే దగ్గరుండి..." అని మొదలుపెట్టింది.

బావగారు ఆమెను పూర్తి చేయనివ్వలేదు. "అంత బాధెందుకులే. తాతారావు గారూ, నా ప్రోగ్రాంలో కూడా స్కేలు ఫిక్సు చేయొచ్చు, అయిదు నిమిషాల పని. మీరు ముందే చెప్పి ఉంటే చేసేవాణ్ణి. చెప్పకుండా కాగితాలు లైటుకు పట్టుకుని కూర్చుంటే మాకెలా తెలుస్తుందండీ? ఇదేమన్నా నెగటివ్ ఫిల్మా?"

నేను చెప్పాను. ఇదే గదిలో, ఆ కుర్చీ పక్కన నిలబడి చెప్పాను. ఇప్పుడు ఆయన నా వైపు ఒకసారైనా చూస్తారేమోనని చూశాను. ఆయన చూడలేదు. అబద్ధం ఆడుతున్నానన్న సంగతి కూడా ఆయనకు తోచి ఉండదు. మరదలు చెప్పిన మాట ఆయన లెక్కలో మాట కిందికి రాదు. ఇంతకాలం ఆయన మీద నాకు ఉన్నది కోపం అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది, కోపం పెట్టుకోవాలంటే ఎదుటివాడికి కొంత బరువుండాలి. లైట్ల కీబోర్డు, నల్ల తెర, నీలం పొగ, వాటి ముందు కూర్చున్న మనిషి, ఊదితే పోయేటట్టు ఉన్నాయి.

అక్క కళ్ళు మాత్రం తాతారావు గారి పెదాల మీద ఉన్నాయి.

ఆయన కాగితాలు దించారు. నేను తీసిన రెండింటినీ ఒకదానిలో ఒకటి పెట్టి, నాలుగు మడతలు చేసి, పైజేబులో పెట్టుకున్నారు. పెన్‌డ్రైవు కోసం నా వైపు చెయ్యి చాపారు. ఇచ్చాను. నల్ల కాగితాన్ని కుర్చీలో వదిలేశారు. బావగారు దాన్ని తీసి మడతలు సాపుచేయసాగారు.

తాతారావు గారు గుమ్మం దగ్గర వంగి చెప్పులు వేసుకున్నారు. సావిత్రి గారు పక్కకు తప్పుకున్నారు. అక్క ఆయన వెనకే వాకిట్లోకి వెళ్ళి గేటు పట్టుకుని నిలబడింది. ఆయన బండి ఎక్కి, స్టాండు తీసి, కిక్కు కొట్టారు. బండి గేటు దాటేటప్పుడు నెమ్మదించింది. అక్క మొహం ముందుకు పెట్టింది.

ఆయన తల తిప్పలేదు. బండి బస్టాండు వైపు, అద్దాల తలుపుల ల్యాబు వైపు తిరిగింది.